ముందుమాటలో స్పార్క్ ప్లగ్

క్షమించడం గొప్ప గుణమంటారు. నాకా గొప్ప అక్కర్లేదు. మా విభాగాధిపతి మీద కక్ష పెట్టుకున్నాను, తీర్చుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ అన్నం రుచిగా ఉంటుంది. ఆయన గురించి ‘అన్నారు’ అని గౌరవంగా చెప్పడానికి నాకు నోరు రాదు, ఏమనుకోకండి.

మాది జాలరిపేట. మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతూ, పడవల డీజిల్ ఇంజిన్ల రిపేరు మీద తెలుగులో పుస్తకం మొదలుపెట్టాను. పొద్దున్నే ఒడ్డున విప్పిన ఇంజిన్ల బొమ్మలు గీసుకుని, గ్రీజు చేతులతోనే బస్సెక్కేదాన్ని. మొదటి పీరియడ్ ఎప్పుడూ పోయేది. అటెండెన్సు తగ్గింది.

"రెండు పడవల మీద కాళ్ళెట్టకే, నీల్లో పడతావు," అనేది అమ్మ, చేపల బుట్ట సర్దుకుంటూ.

ఇక పరీక్షకు కూర్చోవాలంటే విభాగాధిపతిగా ఆయన సంతకం కావాలి. అడగబోతే చేతిలో రాతప్రతి లాక్కుని, క్లాసందరి ముందూ మా యాస పట్టి వెక్కిరించాడు. "ఏటమ్మా, సేపలోల్లకి పుస్తకం రాస్తన్నావా? పుస్తకం రాస్తావో పరీచ్చ రాస్తావో తేల్చుకో." అందరూ నవ్వారు. మరి సంతకం సార్ అంటే, "చూద్దాంలే. రూల్సు ఒప్పుకోవాలి కదా," అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

ఊళ్ళో ఒక ప్రచురణకర్త పుస్తకం వేస్తానన్నాడని తెలియగానే ఆయన గొంతు మారిపోయింది. "ముందుమాట నేను రాస్తానమ్మా. అది తీసుకున్న రోజే సంతకం కూడా తీసుకెళ్ళు." రాతప్రతి ఇవ్వబోతే, "ఎందుకూ? నాకు తెలియని ఇంజినా!" అని చెయ్యి ఊపాడు.

రెండు పేజీల ముందుమాటలో నా గురించి ఒక్క వాక్యం, మిగతాదంతా ఆయన గురించే. చివర్లో, "స్పార్క్ ప్లగ్ శుభ్రపరిచే అధ్యాయం ఈ గ్రంథానికే తలమానికం" అని ఉంది. డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. మొదటి సంవత్సరం మాకు ఆ పాఠం చెప్పింది కూడా ఆయనే.

"ఇది దిద్దాలేమో," అన్నాడు ప్రచురణకర్త.

"పెద్దలు రాసింది. అక్షరం మార్చకండి," అన్నాను. అంత వినయంగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

సంతకం అయింది, పరీక్షలు పాసయ్యాను. ఆవిష్కరణ కాలేజీ హాల్లోనే పెట్టించాడు. మైకు పట్టుకుని తన ముందుమాట తానే చదివాడు. స్పార్క్ ప్లగ్ దగ్గరికి రాగానే వెనక బెంచీలు కిసుక్కుమన్నాయి. మా పేటవాళ్ళలో ఒకడు, "డీజిలుకి ప్లగ్గేటి బావా?" అని పక్కవాణ్ణి పైకే అడిగాడు. దాంతో హాలంతా గొల్లుమంది. ఆయన కాగితంలోకి మళ్ళీ చూసుకున్నాడు. చెవులు కందిపోయాయి. నేను వేదిక మీద చేతులు కట్టుకుని, మంచి శిష్యురాలిలా కూర్చున్నాను. లోపల పండగ.

రెండో ముద్రణకి ముందు ఫోన్ చేశాడు. "అమ్మా, ఆ ఒక్క వాక్యం తీయించెయ్యవా? నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాను."

"సూద్దాంలెండి సార్," అన్నాను, ఆయన వెక్కిరించిన మా యాసలోనే. "రూల్సు ఒప్పుకోవాల కదా."