ఓర్లిండా కోసిన కెమెరా

ఇంటి పక్క షెడ్డులోంచి రంపం చప్పుడు వినబడి డెల్ఫిన్ కాఫీ కప్పుతో అటు నడిచాడు. చూస్తే అతని భార్య ఓర్లిండా ఒక పాత పోలరాయిడ్ కెమెరాను బల్లకు బిగించి, ఇనుము కోసే రంపంతో దాని వీపు కోస్తోంది. అల్యూమినియం పొడి ఆమె మోచేతుల దాకా మెరుస్తోంది.

"పాపం, నీకేం అపకారం చేసింది అది?" అన్నాడు.

"ఫోటోలు తియ్యడం మానేసింది."

"అది మానలేదు. దానికి ఫిల్ము చేసేవాళ్లు మానేశారు."

"అందుకే వేరే ఫిల్ము పట్టేలా చేస్తున్నా. కాస్త పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డం."

డెల్ఫిన్ జరిగాడు. ఎప్పుడు వాదించాలో, ఎప్పుడు జరగాలో పాతికేళ్ల కాపురం అతనికి నేర్పింది.

న్యూ మెక్సికోలోని ఎస్పన్యోలా లోయలో ఓర్లిండా పేరు తెలియని కారువాడు లేడు. ఆమె పని కార్లకు సీట్లు కుట్టడం. అక్కడి కార్లంటే ఊరికే ఎక్కి తిరిగేవి కావు. నేలకు జానెడు ఎత్తున, చక్రాలు కనబడీ కనబడనట్టు, పెళ్లికూతురు నడిచినంత నెమ్మదిగా నడుస్తాయి. వాటి లోపల మఖ్మల్ సీట్లు, గుండీల మధ్య దిండులా ఉబ్బిన మడతలు ఓర్లిండా చేతివి. ఆ చేతికి ఇంకో పిచ్చి కూడా ఉంది. బడిలో చదివే రోజుల్లో చీకటిగదిలో ఫోటోలు కడగడం నేర్చుకుంది. పెళ్లయ్యాక బట్టలుతికే గదినే చీకటిగదిగా మార్చుకుంది. మూతపడిన ఒక పత్రికాఫీసు నుంచి, ఫోటోను పెద్దది చేసే యంత్రాన్ని డెల్ఫిన్‌తో మోయించి తెచ్చుకుంది. ఆమెకు నచ్చేది పోస్టుకార్డంత ఫిల్ము. అంత ఫిల్ము మీద పడిన బొమ్మను గోడంత చేసినా చెదరదు, కనురెప్ప వెంట్రుకలు కూడా లెక్కకొస్తాయి.

చిక్కల్లా ఏమిటంటే, అంత ఫిల్ము పట్టే కెమెరాలు మూడు కాళ్ల మీద నిలబడాలి. నల్లగుడ్డ కప్పుకుని, తలకిందులుగా కనబడే బొమ్మను సరిచూసుకుని, ఫిల్ము పెట్టి మీట నొక్కేదాకా ఎదుటిది కదలకూడదు. వాళ్ల లోయలోనేమో కారు కదిలితేనే కారు. ఒకసారి అల్బుకర్కీలో పాత సామాన్ల సంతలో, వీపు కోసి పెద్ద ఫిల్ము పట్టేలా మార్చిన పోలరాయిడ్ ఒకటి ఒకాయన చేతిలో చూసింది. అడిగితే పట్టుకోనిచ్చాడు గానీ అమ్మనన్నాడు. పాతకాలపు మడత కెమెరా. మంచి లెన్సు, పైన దూరం చూసుకునే చిన్న కిటికీ. ఆ కిటికీలో రెండుగా కనబడే బొమ్మ ఒకటయ్యేదాకా తిప్పితే చాలు, నల్లగుడ్డ అక్కర్లేదు. చేత్తో పట్టుకుని నడుస్తూ తియ్యొచ్చు. ఇంటికొచ్చిన వారంలోనే ఓర్లిండా అలాంటి పాత పోలరాయిడ్లు మూడు సంపాదించింది.

మొదటి కెమెరా రంపానికే బలైపోయింది. వీపుతో పాటు లెన్సు జారే పట్టాను కూడా కోసేసింది. రెండోది పూర్తయింది. డెల్ఫిన్‌ను పెరట్లో నిలబెట్టి ఫోటో తీసింది. కడిగి చూస్తే అతని ముక్కూ మీసం మసక. వెనక తీగ మీద ఆరేసిన బనియన్ల చిల్లులు మాత్రం సూది మొనంత స్పష్టం. పైగా ఒక మూల నుంచి వెలుతురు చొరబడి తెల్లటి నాలుకలా పాకింది.

డెల్ఫిన్ తమ్ముడు లియాండ్రో ఆ ఫోటో పట్టుకుని పడీపడీ నవ్వాడు. "వదినా, మా అన్న కన్నా ఆయన బనియన్లే నీకెక్కువని తెలుసు గానీ, ఇలా రుజువు చేస్తావనుకోలేదు."

"నవ్వు, నవ్వు. చిల్లులు ఎంత బాగా వచ్చాయో చూశావా? లెన్సు మంచిదే. ఫిల్మే ఉండాల్సిన చోట లేదు."

ఆమె చెప్పింది నిజం. ఫిల్ము రెండు మిల్లీమీటర్లు ముందుకు కూర్చుంది, అంతే. మూడో కెమెరాకు వీపు కోసి, ఆకురాయితో అరగదీసి, ఫిల్ము ఉండే చోట గరుకు గాజు పెట్టి దాని మీద బొమ్మ చూసి, మళ్లీ అరగదీసింది. చర్చి ప్రహరీ ఇనుప ఊచలను గురిగా పెట్టుకుంది. కిటికీలో ఏ ఊచ ఒకటిగా కనబడితే గాజు మీద ఆ ఊచే స్పష్టంగా ఉండాలి. అలా కుదిరేదాకా వదల్లేదు. లెన్సుకూ వీపుకూ మధ్య మడతలుగా సాగే పాత తిత్తి పెద్ద ఫిల్ము మూలలకు అడ్డొస్తోందని దాన్ని పీకి పారేసి, పల్చటి నల్లతోలు, లోపల వెలుతురు చొరని గుడ్డ, మధ్యన అట్టముక్కలు పెట్టి కొత్త తిత్తి తనే కుట్టింది. సీటు మడతలు కుట్టిన చేతికి కెమెరా మడతలు ఒక లెక్కా! ఈసారి ఫోటోలో డెల్ఫిన్ మీసంలో నెరిసిన వెంట్రుకలు కూడా కనబడ్డాయి. అతనికది అంతగా నచ్చలేదు.

సరిగ్గా అప్పుడే పసియెన్సియా అమ్ముడుపోయింది.

పసియెన్సియా అంటే ఓర్పు. అది లియాండ్రో కారు పేరు. రంగు వేసినవాడు ఓర్లిండా మేనమామ ఒనేసిమో. బంగారు రజను మీద చెర్రీపండు ఎరుపు పొరలు పొరలుగా వేసి, దాని మీద ఉడత వెంట్రుకల కుంచెతో బంగారు గీతలు లాగాడు. ఇంజను మీది మూత నిండా అల్లుకున్న ద్రాక్షతీగ, ఒక్కో నులితీగ తలవెంట్రుకంత. రెండు చలికాలాలు పట్టింది. ఆ తర్వాత ఆయన కళ్లకు మసక కమ్మింది, మళ్లీ కుంచె పట్టలేదు. అదే ఆయన ఆఖరి కారు. జపాను నుంచి ఒకాయన మూడేళ్లుగా ఆ కారు అడుగుతున్నాడు. కొత్తది కట్టుకోవాలని మనసు పుట్టి లియాండ్రో చివరికి సరేనన్నాడు. మంగళవారం లారీ వస్తుంది.

అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు లియాండ్రో ఆ కబురు ఒనేసిమోకు చెప్పాడు. ఆయన మిరపకాయల చిలీ కూరలో రొట్టె ముంచుకు తింటూ, "ఫోటోలున్నాయిగా" అన్నాడు.

"అవును మామయ్యా, బోలెడున్నాయి" అన్నాడు లియాండ్రో.

"ఉన్నాయి. వాటిలో నా గీతలు నూనె మరకల్లా ఉంటాయని మనవరాలు చెప్పింది."

ఓర్లిండా చెంచా కింద పెట్టింది. "ఆదివారం సాయంత్రం నేను తీస్తాను."

"నిలబెట్టి తీస్తే లాభం లేదమ్మాయ్. నిలబడిన కారు మీద ఆ రంగు చచ్చిపడుంటుంది. కదిలితే మండుతుంది."

"కదులుతుండగానే తీస్తాను మామయ్యా. మీరు కూడా నా పక్కనే కూర్చోవాలి."

ఆదివారం పొద్దు వాలే వేళకు డెల్ఫిన్ పికప్ బండి వెనక తొట్టెలో ఒక పాత సీటు అడ్డంగా బిగించారు. ఓర్లిండాను, ఒనేసిమోను దాంట్లో కూర్చోబెట్టి కారు బెల్టులతో కట్టారు. ఒనేసిమో ఇస్త్రీ చొక్కా వేసుకుని, టోపీ ఎగిరిపోకుండా గడ్డం కింద తాడు బిగించుకున్నాడు. ఓర్లిండా లెన్సుకు పచ్చ గాజు తగిలిస్తుంటే లియాండ్రో కారు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏంటి వదినా ఆ పచ్చ కన్ను?"

"ఎరుపు నల్లగా పడాలి, గీతలు తెల్లగా లేవాలి."

"అంటే నా ఎర్ర కారుని నలుపు తెలుపులో తీస్తావా? చావింటి ఫోటోలాగా?"

"నువ్వు నోరు మూసుకుని నెమ్మదిగా నడుపు. నీకు చేతనైన పని అదొక్కటే."

రివర్‌సైడ్ రోడ్డు మీద ఉత్తరానికి బయల్దేరారు. డెల్ఫిన్ నడిపే పికప్ ఎడమ వరుసలో కొంచెం ముందు, పసియెన్సియా కుడి వరుసలో కొంచెం వెనక. ఓర్లిండా వెనక్కి తిరిగి కూర్చుంది. కుడి భుజం మీద పడమటి ఎండ. కెమెరా కిటికీలో రెండుగా కనబడే కారు దగ్గరికొచ్చి ఒకటయింది. మీట నొక్కింది. సరిగ్గా ఆ క్షణాన ఒక బస్సు మధ్యలో దూరింది. రెండోసారి నొక్కాక, ఫిల్ముకు వెలుతురు తగలకుండా ముందుండే నల్ల పలక లాగనే లేదని చూసుకుంది. పళ్లు నూరుకుంది.

అంతలో వెనక నుంచి పోలీసు సైరన్ మోగింది. దిగివచ్చినవాడు ఎలాయ్. వరసకు ఓర్లిండాకు మేనల్లుడే గాని, డ్యూటీలో ఉన్నాడు.

"అత్తా, బండి తొట్టెలో తాతయ్యని కట్టేసి ఎక్కడికి తీసుకెళ్తున్నావ్?"

"నన్నెవరూ ఎత్తుకుపోవట్లేదురా" అన్నాడు ఒనేసిమో. "నా కారు వెళ్లిపోతోంది. ఫోటో తీస్తున్నాం. ఆ బస్సుని పట్టుకో, మమ్మల్ని కాదు."

ఎలాయ్ కారు వంక చూశాడు, కెమెరా వంక చూశాడు. ఆ కారు చుట్టూ తిరుగుతూ పెరిగిన పిల్లాడే అతనూ. "ఒక్క చుట్టే" అన్నాడు. "నేను వెనక ట్రాఫిక్ ఆపుతా. తొందరగా కానివ్వండి."

"తొందరగా కుదరదు. కారు పేరేంటో మర్చిపోయావా?" అంది ఓర్లిండా.

ఎర్ర నీలి లైట్లు వెనక దూరంగా అడ్డం నిలిచాయి. రోడ్డంతా ఖాళీ అయింది. రెండు బండ్లూ ఒకే నడకన సాగాయి. షాపుల ముందు జనం ఆగి చూస్తున్నారు. ఓర్లిండా నల్ల పలక లాగి ఒళ్లో పెట్టుకుంది, ఊపిరి బిగబట్టింది. పక్కన ఒనేసిమో మసక కళ్లను చికిలించి ముందుకు వంగాడు. గీతలు ఆయనకు కనబడవు. రంగు మండేది మాత్రం కనబడుతుంది.

"ఆగు. ఇంకా ఆగు. మబ్బు పోనీ." కారు కొంచెం వంపు తిరిగింది. మూత మీద ఎండ జారి, రజనంతా ఒక్కసారిగా అంటుకుంది. "ఇదిగో, ఇప్పుడు."

ఆమె నొక్కింది.

సోమవారం మధ్యాహ్నం ఉతుకుగది కిటికీకి నల్లగుడ్డ బిగించి ఫిల్ము కడిగింది. దీపం వేసి, తడి ఫిల్మును ఎత్తి పట్టి భూతద్దం ఆనించింది. ద్రాక్షతీగ మొత్తం ఉంది. నులితీగ చివరి మెలిక దాకా ఉంది. బయటినుంచి డెల్ఫిన్, "వచ్చిందా?" అంటే, భూతద్దం కింద పెట్టి తలుపు మీద వేళ్లతో తట్టింది. అతనికి అర్థమైంది.

లారీ వచ్చింది, కారు వెళ్లిపోయింది. ఓర్లిండా మాత్రం ఉతుకుగదిలోంచి బయటికి రాలేదు. ఫోటోను పెద్దది చేసే యంత్రాన్ని పక్కకు తిప్పి బొమ్మను గోడ మీదికి విసిరింది. చుట్టగా వచ్చే ఫోటో కాగితాన్ని దుప్పటంత కోసి గోడకు పరిచింది. అంత కాగితం కడిగే తొట్టి ఎక్కడుంది? చూరు నీళ్లు పోయే గొట్టాన్ని నిలువునా చీల్చి, రెండు చివరలూ మూసి తొట్టి చేసింది. భార్యాభర్తలిద్దరూ రెండు పక్కలా నిలబడి, ఆ కాగితాన్ని మందునీళ్లలో అటూ ఇటూ చుట్టారు, విప్పారు. రెండు కాగితాలు ముడతలు పడి చెత్తలోకి పోయాయి. మూడోది నిలిచింది.

కార్ల సంఘం విందు శనివారం చర్చి హాల్లో. మొక్కజొన్న, మాంసం వేసి వండిన పోసోలే గిన్నెలు పొగలు కక్కుతున్నాయి. డెల్ఫిన్ నిచ్చెనెక్కి ఆ చుట్టను విప్పగానే హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. గోడ మీద పసియెన్సియా నడిచి వస్తోంది. ఒళ్లంతా నల్లటి నీళ్లలా మెరుపు, దాని మీద తెల్లని తీగ, ఒక్కో గీత విడివిడిగా.

ఒనేసిమో కర్ర ఆనించుకుంటూ దగ్గరికి వెళ్లాడు. జేబులోంచి భూతద్దం తీసి, ముక్కు కాగితానికి తగిలేంతగా వంగి, తీగ మొదలు నుంచి మొదలుపెట్టాడు. వేలు గాలిలో గీత వెంట పోతోంది. హాలంతా ఆ వేలి వెంటే పోయింది. ఒకచోట ఆగాడు. భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడనుకుని ఓర్లిండా కంగారుగా దగ్గరికెళ్లింది. ఆయన నవ్వుతున్నాడు.

"ఇక్కడ తుమ్మాను" అన్నాడు. "కుంచె జారింది. తప్పు కనబడకుండా దాని మీద ఆకు వేశాను. ఇన్నేళ్లలో ఒక్కడూ పట్టలేదు. నీ కెమెరా పట్టేసింది, దొంగముండ."

హాలు హాలంతా గొల్లుమంది. ఆ నవ్వులో లియాండ్రో మాత్రం టోపీ చేతిలో పట్టుకుని ఫోటో ముందు నిలబడిపోయాడు.

"ఇన్నేళ్లు దాని లోపల కూర్చున్నాను వదినా" అన్నాడు. "బయట ఇంతుందని నాకు తెలీదు." ఆగి, "కొత్త కారు తయారయ్యాక..." అని నీళ్లు నమిలాడు.

"చూద్దాం" అంది ఓర్లిండా. "నీ ముందు చాలామంది ఉన్నారు."

నిజంగానే ఉన్నారు. అప్పటికే ఆమె వెనక ముగ్గురు నిలబడి తమ కార్ల పేర్లు చెబుతున్నారు. ఆ ఏడాది వేసవంతా ఆదివారం వస్తే చాలు, కడిగి తుడిచిన కార్లు షెడ్డు ముందు బారులు తీరేవి. టావోస్ నుంచి, శాంటా ఫే నుంచి కూడా పాత మడత కెమెరాలు సంచిలో వేసుకొచ్చి, మాదీ కోసిపెట్టమని అడిగేవాళ్లు తయారయ్యారు. ఓర్లిండా సీట్లు కుట్టే రోజులు తగ్గించి వాటికీ చోటిచ్చింది. కానీ ఆదివారం సాయంత్రాలు మాత్రం ఆ పనికి ఇవ్వలేదు, అవి ఫోటోలకే. పికప్ తొట్టెలో ఆమె పక్కన, మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని ఒనేసిమో కూర్చునేవాడు. వెనక కారువాడు కాస్త వేగం పెంచితే చాలు, చేతికర్ర ఎత్తి, "నెమ్మదిగారా, పెళ్లికెళ్తున్నావా, నిప్పంటుకుని పరిగెడుతున్నావా?" అని రోడ్డంతా వినబడేలా కసిరేవాడు.