బావిలోకి దిగిన లాడ్జి

మనిషి పోతే ఎక్కడికి వెళ్తాడో చెప్పేవాళ్లు బోలెడుమంది. మేడ పోతే ఎక్కడికి వెళ్తుందో చెప్పినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, గుంటూరు బ్రాడీపేటలో నేనెప్పుడూ దిగే లాడ్జిని పడగొడుతుంటే ఈ సందేహం పట్టుకుంది. ఆ లాడ్జి నల్లులకు నాకంటే సీనియారిటీ ఎక్కువ. అవెక్కడికి పోయాయన్నది వేరే కథ. శిథిలాలు మోస్తున్న ట్రాక్టరు డ్రైవరు సాంబయ్యనే అడిగాను.

"పూడ్చమని అడిగినోళ్ల గుంటలోకండి బాబాయిగారూ. చూస్తారా? ఎక్కండి!" అన్నాడు.

తొమ్మిదింటికి బయల్దేరాం. చిలకలూరిపేట వైపు బస్సుకు గంట పట్టే దారి ట్రాక్టరుకు రెండు గంటలు పట్టింది. మధ్యలో టీ, బజ్జీలు నా ఖర్చు. రోడ్డు దిగి మట్టిబాట పట్టాక చూద్దును కదా, పత్తికాయ ఇంకా పగల్లేదు, చేను మాత్రం తెల్లగా ఉంది. ముందు ట్రిప్పుల్లో రాలిన సిమెంటు దుమ్ము. ఆ తెలుపును పట్టుకుని వెళ్తే చాలు, దారి అడగక్కర్లేదు.

బాట చివర మిరపతోట మధ్య పెద్ద రాతిబావి. తొంగిచూశాను. మా లాడ్జి మెట్ల వరస విరక్కుండా పడి, సున్నం కలిపినట్టున్న నీళ్లలోకి దిగుతోంది. పక్కన గోడముక్క మీద ఏడో నంబరు. నేను పడుకున్న గదే. అంచున వేలాడే గిజిగాడి గూళ్లలో ఒక్క పిట్టా లేదు.

సరిగ్గా ట్రాలీ వెనక్కి రావలసిన చోట, గట్టు మీద ఒకావిడ కూర్చుని ఉంది. పేరు వెంకాయమ్మ. భర్త పోయాడు. బావి అన్నదమ్ముల ఉమ్మడి. ఆవిడ మిరపతోటకు ఈ నీరే ఆధారం. పక్కనే నిలబడ్డ మరిది కోటయ్య బోరు వేసుకుని, బావి పూడ్చి నేల కలుపుకుంటున్నాడు.

"జరుగు వదినా. బోరు నీళ్లు నీకూ ఇస్తానన్నాగా!"

"ఎప్పుడయ్యా, నా కాయలు కోసేశాకా? కరెంటుండే గంటలో నీ తోటే తడవదు!"

"అమ్మా, ట్రాలీ లేచిందంటే ఆపలేనమ్మా," అన్నాడు సాంబయ్య.

"దాన్ని లేపేది నువ్వేగా, సచ్చినోడా!"

అప్పుడు బావిలోంచి బుస్సుమని శబ్దం. ఎండు ఇటుకలు నీరు పీలుస్తూ గాలి వదులుతున్నాయని నాకు తెలుసు. తెలిసీ ఒకడుగు వెనక్కి వేశాను. శబ్దం ఆగింది. అడుగున ఎవరో ఊపిరి తీసుకున్నట్టు మళ్లీ మొదలైంది. ఇటుకల సంగతి తెలియని కోటయ్య గట్టు దిగి, బావికి దండం పెట్టాడు.

"ఒరేయ్, తీసుకుపోరా."

"ఎక్కడికండీ?"

"ఎక్కడన్నా పొయ్యి. ఇక్కడొద్దు."

వెంకాయమ్మ చీర దులుపుకుని లేచింది. "పడ్డది తీయించుకుంటాలే. నీళ్లు తేరుకుంటాయి," అంది, ముఖమంతా వెలుగుతో.

కాస్త ఎగువన వాగు దగ్గర సాంబయ్య ట్రాలీ ఎత్తాడు. నీళ్లలో అదే బుస. ట్రాలీ కడుగుతూ, "మంచి వాగండీ. చుట్టుపక్కల బావులకు దీని ఊటే. ఆ అమ్మ బావికీ ఇదే," అన్నాడు.

"మరి తెలిసీ ఇక్కడెందుకు పోశావయ్యా?"

"ఎక్కడ పొయ్యమంటారో మీరే చెప్పండి."

మళ్లీ ట్రాక్టరెక్కాను. పడగొట్టిన మేడ పోదు, చోటు మారుతుందంతే. మనం కొత్త గోడలకు రంగు ఎంచుకుంటుంటే, పాత గోడలు మనకు తెలియనివాళ్లెవరి బావిలోనో మెల్లగా నీరు తాగుతుంటాయి. ఆ సాయంత్రం వెంకాయమ్మ తోటకు నీళ్లు పెట్టుకునే ఉంటుంది. ఆవిడకు చెప్పడానికి నేను వెనక్కి వెళ్లలేదు.

ఆ వైపు వెళ్లేవాళ్లు తాగే నీళ్లు గుంటూరు నుంచే తీసుకువెళ్లండి. దారిలో దాహమేసి బావి దగ్గర ఆగితే, చేద వేసేముందు నీళ్ల రంగు చూడండి.