పోపుడబ్బాలో పదకొండు గోలీలు

పిల్లలూ, సూరత్‌లో ఉన్నవాళ్ళు ఫ్యాను వేసుకొని, పుణెలో ఉన్నవాళ్ళు దుప్పటి కప్పుకొని ఫోను ముందు కూర్చోండి. మీ నానమ్మ తన నెత్తి మీదికి తానే తెచ్చుకున్న ఒక మహా ఉపద్రవం చెబుతాను. ఇందులో ముగ్గురు డాక్టర్లు, పదకొండు గోలీలు, ఒక పోపుడబ్బా ఉన్నాయి. మీ తాత కాచిన చారు కూడా ఉంది. అది వేరే ఉపద్రవం. నేను గట్టిగా మాట్లాడలేనని మీకు తెలుసు కదా, అందుకే మీరే జర నిశ్శబ్దంగా నవ్వండి.

మన నేతపనిలో ఒక మర్యాద ఉంది. ఒక సేటు దగ్గర నూలు తెచ్చుకుంటే, అది నేసి ఇచ్చేదాకా ఇంకో సేటు గడప తొక్కకూడదు. తొక్కితే మొదటాయనకు తెలియనివ్వకూడదు. నూలు విషయంలో ఇది మంచి పద్ధతే. మీ నానమ్మ తెలివి చూడండి, దీన్ని తీసుకెళ్ళి డాక్టర్లకు తగిలించింది.

మన మార్కెట్ దగ్గరి డాక్టరు పదేళ్ళుగా నాకు బీపీ గోలీ ఇస్తున్నాడు. రెండేళ్ళ కిందట మోకాళ్ళ నొప్పి వచ్చి, ఆయనకు చెప్పకుండా హన్మకొండలో ఇంకో డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన గది మూడో అంతస్తులో. ఎక్కేసరికి నా గుండె కరెంటుతో నడిచే సాంచా మగ్గంలా కొట్టుకుంటోంది. బీపీ చూసి ఆయన కళ్ళు పెద్దవి చేశాడు.

“బీపీకి ఏమైనా వాడుతున్నారా అమ్మా?”

“ఏం లేదు సారూ,” అన్నాను, పాలు తాగే పాపలా.

మెట్లు దిగుతుంటే, నా వెంట వచ్చిన మీ తాత ఊరుకోలేదు.

“ఉన్నది ఉన్నట్టు ఎందుకు చెప్పకపోతివే?”

“మన మార్కెట్ సారుకు తెలిస్తే ఏమనుకుంటడు? పదేండ్ల సంది చూస్తాండు. ముఖం ఎట్ల చూపెట్టాలె?”

“ఆయన గీ మెట్లెక్కి వచ్చి నీ మందుల చిట్టీ చదువుతడా ఏంది?”

“నీకు తెల్వదు, ఊకో.”

హన్మకొండ సారు మోకాళ్ళ గోలీలతో పాటు బీపీకి కూడా ఒకటి రాశాడు. పాతది గులాబి రంగు, కొత్తది తెలుపు. రంగు వేరు కనుక మందు వేరు అని తేల్చి రెండూ మింగాను. వారం తిరక్కుండా లేచి నిలబడితే ఇల్లంతా రాట్నంలా తిరగడం మొదలైంది. తల తిరుగుడుకు మూడో డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన కూడా అడిగాడు, వేరే మందులేమైనా వాడుతున్నావా అని. నేను కూడా చెప్పాను, ఏం లేదు సారూ అని. ఈ ఒక్క మాట చెప్పడంలో అప్పటికి నాకు మంచి అనుభవం వచ్చేసింది.

మొత్తం పదకొండు రకాల గోలీలయ్యాయి. వాటన్నిటినీ రంగుల వారీగా పోపుడబ్బాలోని చిన్న గిన్నెల్లో సర్దాను. ఎంత ముచ్చటగా ఉందో! చూసినకొద్దీ నాకు గర్వం. అప్పుడే చేతులు వణకడం మొదలుపెట్టాయి. గ్లాసులో నీళ్ళు నోటి దాకా వచ్చేసరికి సగమయ్యేవి. వంట మీ తాత చేతికి పోయింది. ఒకరోజు వంటింట్లోంచి కేక.

“ఏమే, ఇండ్ల జీలకర్ర గుండ్రంగ ఎందుకున్నదే?”

“ముట్టకు! అవి మోకాళ్ళయి!”

“మరి ఆవాలేవి?”

“బియ్యం డబ్బాల ఉన్నయి.”

“అయితే చారుకు గ్యాస్ గోలీతోని పోపు వేయాల్నా?”

ఆ రోజు చారు తాగాక, గోలీతో వేసినా ఇంతకంటే బాగుండేదేమో అనిపించింది.

నవ్వు ఇక్కడిదాకే, పిల్లలూ. నా జంపఖానాల మగ్గం ఇంట్లో కాదు, నేతగాళ్ళ సొసైటీ షెడ్డులో ఉంటుంది. తెగిన పోగును అతకాలంటే రెండు వేళ్ళ మధ్య పెట్టి చిటికెలో మెలిపెట్టాలి. నా వేళ్ళు వణుకుతుంటే పోగు పాములా జారిపోయేది. నలభై ఏళ్ళుగా కూర్చున్న చోటు అది. సొసైటీ సారు మంచివాడే. వచ్చి మెల్లగా చెప్పాడు.

“ఫికర్ చేయకమ్మా. ఇగ నువ్వు ఇంట్ల రెస్టు తీస్కో. మగ్గం వేరేటోళ్ళకు ఇస్తం.”

“జర రెండు నెలలాగు బిడ్డా.”

“ఆగితే ఏమైతది?”

“నీ ముందట్నే పోగు అతుకుత. అతకకపోతే మగ్గం తీస్కపో.”

మాటయితే అన్నాను. సారు కూడా సరేనన్నాడు. అందుకే మా వాడ పక్కన ఉన్న చిన్న దవాఖానకు పోయాను. అక్కడ కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, పుణెలో ఉన్న మన చిన్ని వయసుంటుంది.

“చేతుల వణుకుకు ఒక మంచి గోలీ రాయి బిడ్డా. పచ్చరంగుదైతే మంచిగుంటది, డబ్బాల ఒక మూల ఖాళీగున్నది.”

“ఏం డబ్బా అమ్మా?”

నా వెంట వచ్చిన మీ తాత సంచిలోంచి పోపుడబ్బా తీసి బల్ల మీద పెట్టి మూత తెరిచాడు. ముందే అనుకొని తెచ్చాడు దొంగ! డాక్టరమ్మ డబ్బా వంక చూసింది, నా వంక చూసింది.

“ఇవన్నీ ఎవరు రాసిండ్రు?”

“ఒక్కలే…” అన్నాను.

“ముగ్గురు,” అన్నాడు మీ తాత. “చిట్టీలు ఆమె నడుము సంచిల ఉన్నయి. నాకు గూడ చూపియ్యదు.”

మూడు చిట్టీలు బల్ల మీద పరిచి, ఒక్కో గోలీ తీసి చూసింది ఆ పిల్ల. చివరికి గులాబిదీ తెల్లదీ పక్కపక్కన పెట్టింది.

“నువ్వు నేస్తవు గదమ్మా? ఒక నూలు చిలుపను సగం గులాబి రంగుల ముంచి, సగం తెల్లగనే ఉంచితే, ఎన్ని రకాల నూలు అయినట్టు?”

“ఒక్కటే నూలు.”

“ఈ రెండు గోలీలు గూడ ఒక్కటే మందు. కంపెనీ వేరు, రంగు వేరు. నువ్వు రెండింతలు మింగుతానవు.”

నలభై ఏళ్ళు రంగురంగుల నూలు నేసిన మనిషిని! ముఖమంతా రంగు తొట్టిలో ముంచి తీసినట్టయింది. డాక్టరమ్మ ఇంకా చెప్పింది. బీపీ మందు ఎక్కువై తల తిరిగింది. తల తిరుగుడుకు వేసుకున్న మందు ఈ వయసులో చేతులు వణికిస్తుంది. వణుకుకు ఇంకోటి రాస్తే కడుపు బిగుసుకుంటుంది, దానికి మళ్ళీ ఇంకోటి.

“ఇగ డబ్బాల గిన్నెలు సరిపోవు,” అన్నాడు మీ తాత.

“ఇయ్యాల్నే అన్ని పారేస్త!” అన్నాను నేను.

“వద్దమ్మా! కొన్నిటిని ఒక్కసారే బంద్ పెడితే ఇంకో కష్టం. ముందు రక్తం చూద్దాం, కిడ్నీలెట్ల పనిచేస్తానయో తెల్వాలె. వయసు మీద పడ్డంక మందు ఒంట్ల ఎక్కువ సేపు నిలుస్తది. ఏది ఆపాలె, ఏది మెల్లగ తగ్గియ్యాలె, ఆ డాక్టర్లతోని నేను మాట్లాడి చెప్త.”

“మార్కెట్ సారుతోనా? నా ఇజ్జత్ పోతది బిడ్డా!”

ఇంకొకరి నోట వినేకంటే నేనే చెప్పడం నయమని మర్నాడు మార్కెట్ సారు దగ్గరికి పోయాను. తల వంచుకొని అంతా ఒప్పుకున్నాను. ఆయన కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

“మా అమ్మ గూడ అంతేనమ్మా. నేనిచ్చినయి పెట్టుకొని, దొంగచాటుగ ఇంకో డాక్టర్ దగ్గరికి పోతది.”

“కొడుకు డాక్టరై ఉండంగనా? ఎందుకట?”

“నా గోలీలు చిన్నగ ఉంటయట. ఆయనయి పెద్దగ ఉంటయట.”

రెండు నెలల్లో పదకొండు కాస్తా నాలుగయ్యాయి. ముందు తల తిరుగుడు పోయింది. వణుకు మొండిది, రోజుకింత తగ్గుతూ పోయింది. మోకాళ్ళకు డాక్టరమ్మ కసరత్తు నేర్పింది. ఆ కసరత్తు చేస్తుంటే మీ తాత పడీపడీ నవ్వేవాడు.

గడువు రోజు షెడ్డులో అందరూ నా మగ్గం చుట్టూ చేరారు. సొసైటీ సారు తన చేత్తోనే ఒక పోగు తెంపాడు. నేను రెండు కొసలు కలిపి మెలిపెట్టాను. సారు లాగి చూశాడు. తెగలేదు! ఇంకోటి తెంపాడు, అతికాను. మూడోది నేనే తెంపి, ఆయన కళ్ళలోకి చూస్తూ అతికాను. పిల్లలూ, ఆ చప్పట్లు మీకు సూరత్‌లో వినిపించి ఉండాలి.

“మగ్గం నీదేనమ్మా!” అన్నాడు సారు. తర్వాత దగ్గరికి జరిగి, “ఏం గోలీ తిన్నవో జర పేరు చెప్పు. మా అమ్మకు గూడ చేతులు వణుకుతానయి.”

“తినుడు కాదు బిడ్డా. ఏడు గోలీలు బంద్ పెట్టిచ్చిండ్రు, అందుకే తగ్గింది.”

సారు ముఖం వెలిగిపోయింది.

“అయితే ఆ ఏడు నీకు అక్కర్లేవు గద! నాకియ్యి, మా అమ్మకు వేస్త!”

జన్మలో మొదటిసారి మీ నానమ్మ అరిచింది. మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆ మధ్యాహ్నమే వాళ్ళమ్మ గోలీలన్నిటినీ సంచిలో వేయించి, ఆమెను నేనే ఆటో ఎక్కించి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాను.

కనుక పిల్లలూ, మగ్గం మీద కుడిచేయి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ డాక్టరు దగ్గరా ఏ గోలీ దాచను. రంగు చూసి మందుకు పేరు పెట్టను. నా గోలీ ఇంకొకరికి పెట్టను, ఇంకొకరిది నేను మింగను. డాక్టరమ్మకు చెప్పకుండా నేను దాచుకు తినే సకినాలు మందు కాదు కాబట్టి, అవి ఈ ప్రమాణం కిందికి రావు.