పాలరాయి కోసం ఆగిన సమాధి

దానియేలుది కొవ్వూరు దగ్గర పల్లె. ఖతర్‌లో మేముండే అల్ హిలాల్‌లో మా పక్క విల్లాలో ఉండే ఖతరీ కుటుంబానికి హౌస్ డ్రైవర్. పిల్లల్ని బడికి దింపడం, పెద్దావిడను ఆస్పత్రికి తీసుకెళ్ళడం, మధ్యలో నీడ దొరికితే కారు తుడుచుకోవడం. మా ఆయన రత్నాకర్ కంటి ఆపరేషన్ తర్వాత స్టీరింగు ముట్టుకోవడం మానేశాక, ఖాళీ దొరికిన శుక్రవారాలు మా కారూ అతనే నడిపేవాడు.

అతను ఇక్కడుండగానే భార్య కరుణమ్మ పోయింది. ఊరు చేరేసరికి మట్టి చేసేశారు. ఆమె సమాధికి పాలరాయి వేయించి, దాని మీద ఫొటో చెక్కించాలని అతని కోరిక. ప్రతి సెలవులోనూ ఏదో ఒకటి అడ్డొచ్చేది. కూతురి పురుడో, ఇంటి పైకప్పో. వానలకి దిబ్బ కుంగిపోతోంది, చుట్టూ రాళ్ళన్నా పేరుస్తానని బావమరిది ఫోన్ చేస్తే వద్దన్నాడు.

"రాళ్ళు పెడితే దిక్కులేనోళ్ళ సమాధిలాగుంటదిరా. నేనొచ్చి కట్టిస్తాను."

ఒక చలికాలం శుక్రవారం ఉత్తరాన రేవు ఊరైన అల్ రువైస్‌లో చేపలు కొందామని బయల్దేరాం. దారిలో ఉమ్ సలాల్ వైపు తిప్పమన్నారు రత్నాకర్. అక్కడి పాత సమాధులు చూడాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది. బోడి నేల మీద అక్కడక్కడ రాళ్ళ కుప్పలు. ఒకదానికి పక్కన రాళ్ళు జారి లోపలి గూడు కనబడుతోంది.

"ఎవరన్నా ఇల్లు కడదామని రాయి తోలించారాండీ?" అన్నాడు దానియేలు.

"సమాధులోయ్. వేల ఏళ్ళ నాటివి."

"ఊరుకోండి సార్. సిమెంటేది?"

"అప్పుడు సిమెంటెక్కడిది? చేతికందిన రాయి పేర్చి వెళ్ళిపోయారు."

దానియేలు ఆ కుప్ప చుట్టూ నెమ్మదిగా తిరిగొచ్చాడు.

"ఈళ్ళ పేర్లు తెల్సాండీ?"

"పేర్లెవరికి తెలుస్తాయి?"

"చోటు తెల్సింది కదండీ."

అల్ రువైస్ చేరాక మేం చేపలు తూయిస్తుంటే పక్కకెళ్ళి బావమరిదికి ఫోన్ చేశాడు. "ఒరే, మీ అక్కకి రాళ్ళు పెట్టరా. ఇయ్యాలే పెట్టు." అవతలి మాట విన్నాక ఫోన్ జేబులో పెట్టుకుని కారు దగ్గరికి నడిచాడు.

కారెక్కాక చెప్పాడు. "కాలవ పొంగి సమాధులన్నీ చదునైపోయాయంటండి. ఏది ఎవరిదో ఆనవాల్లేదంట. బాధపడతానని ఇన్నాళ్ళూ చెప్పలేదంట."

"నువ్వెళ్తే గుర్తుపడతావులే" అన్నారు రత్నాకర్.

మరుసటి ఏడు, చనిపోయినవాళ్ళకి కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండక్కి దానియేలుకు సెలవు దొరికింది. అతను వెళ్ళి తిరిగొచ్చేలోగా రత్నాకర్ పోయారు. పరామర్శకు వచ్చి తలొంచుకు కూర్చున్నవాణ్ణి నేనే అడిగాను, దొరికిందా అని.

"గోడ పక్కన వేపచెట్టు కింద అని గుర్తమ్మగారూ. ఇప్పుడు చెట్టు లేదు. ఆ మేరలో మూడు చోట్ల మట్టి కాస్త ఎత్తుగా ఉందండి. మూడిటికీ రాళ్ళు పేర్చాను. ఈలోగా ఒకావిడొచ్చి, మా అత్త సమాధికి నువ్వు రాళ్ళు పెట్టేదేంటి, నీకేం చుట్టమని దెబ్బలాటకొచ్చింది. నాకు సంతోషమేసిందండి. ఇంక రెండే కదా అని."

"మరి?"

"ఖాయంగా అదేనా అమ్మా అన్నాను. ఆవిడకీ తెలీదంటండి. మళ్ళీ మూడయ్యాయి."

వెళ్ళడానికి లేస్తూ అన్నాడు: "మూడిటికీ కొవ్వొత్తులు ముట్టించాను. ఎక్కడ మోకరించాలో తెలీక, నిలబడే ప్రార్థన చేసుకుని వచ్చేశానండి."