ఆవులయ్య కాళ్లు

మా ఊళ్లో కొత్తవాళ్లకు చూపించడానికి ఒకే ఒక్క పాత వస్తువు ఉండేది. మంఖాల్ వైపు పోయే రోడ్డు మలుపులో నడుమెత్తు రాయి. ఎన్నడో మందను తోలుకుపోతున్న దొంగలకు అడ్డం నిలబడి చచ్చిపోయిన మనిషి కోసం నిలబెట్టిందని చెబుతారు. మా ఊళ్లో పేరు మోసిన మనిషి కూడా ఆయనొక్కడే. అసలు పేరు ఎవరికీ తెలియదు, అందరూ ఆవులయ్య అంటారు. విమానాలు వచ్చి, చుట్టూ చెలకలన్నీ వెంచర్లయినా ఆయన మాత్రం ఉన్నచోటే ఉన్నాడు.

ఆయన బాగోగులన్నీ శివమ్మవి. నేను శంషాబాద్‌లో పిల్లలకు కెమిస్ట్రీ చెప్పడానికి పోతే, మా రెండేళ్ల మనీషాను చూసుకునేది కూడా ఆమే. ఆవులయ్య తమ ఇంటివాడేనని శివమ్మ అత్తగారి వైపు నమ్మకం. కాపురానికొచ్చిన ఏడు నుంచీ ఆ రాయికి పసుపు ఆమే పూస్తోంది. ఏటా బోనాలకు ముందు రంగు వేయిస్తుంది. కొడుకు నరేందర్ బడంగ్‌పేట్ కాలనీల్లో ఇళ్లకు రంగులు వేస్తాడు. డబ్బా అడుగున మిగిలిన ఆయిల్ పెయింట్ ఆవులయ్యకు తెస్తాడు. ఒక ఏడు గులాబీ, ఇంకో ఏడు గేట్ల నీలం. “కాలనీల ప్లాటు లేకున్నా మా తాతకు కాలనీ రంగైతే ఉన్నది” అని నవ్వేవాడు.

మనీషా ఆ రాయిని తడిమి వేళ్లు నోట్లో పెట్టుకుంటుందని నాకు భయం. పాత రంగుల్లో సీసం ఉంటుంది. ఇంటికి రాగానే సబ్బుతో దాని చేతులు రుద్ది కడిగేదాన్ని. అది చూసినప్పటి నుంచి శివమ్మ పిల్లను చంకలో ఉంచుకునే దణ్ణం పెట్టించేది.

నిరుడు రోడ్డు వెడల్పు కోసం గీతలు గీశారు. రాయి గీతకు లోపల పడింది. అది పాతకాలపుదని తేలితే రోడ్డును కాస్త పక్కకు జరుపుతామన్నారు. చూడటానికి పట్నం నుంచి ఒక అధికారి వస్తున్నాడని తెలిసి, పెద్దసారు ముందు ఆవులయ్య మాసిపోయి కనబడకూడదని శివమ్మ ముందురోజే కొడుకుతో వెండిరంగు కొట్టించింది.

అధికారి రాయి చుట్టూ తిరిగి చూశాడు. ఏళ్ల తరబడి పేరుకున్న రంగు కింద చెక్కిన బొమ్మలో చెయ్యేదో కత్తేదో తెలియలేదు. నేను థిన్నర్‌తో దూది తడిపి ఒక మూల తుడిచాను. ఎండకూ వానకూ పొరలు లేచిన రాయి అది. రంగుతో పాటు పొట్టు ఊడి దూదికి అంటుకుంది. ఆపేశాను. ఏ ద్రావకం తెచ్చినా జరిగేది అదే. రాయి మొదట్లో కొంచెం తవ్వి చూద్దామా అని అధికారి మర్యాదగానే అడిగాడు. శివమ్మ రాయికి అడ్డంగా కూర్చుంది.

“కాళ్ల కాడ గడ్డపార పెట్టొద్దు సారూ. గట్ల నిలవడ్డ మనిషిని కూలగొడ్తరా?”

ఊరంతా ఆమె వైపే మాట్లాడింది. ఆయన ఫోటోలు తీసుకుని వెళ్లిపోయాడు. పాతదని చెప్పడానికి ఆధారం లేదని రాశాడని తర్వాత నరేందర్ తెలుసుకుని వచ్చాడు.

జేసీబీ వచ్చిన పొద్దున నేను మనీషా ముక్కుకు చున్నీ అడ్డం పెట్టి దూరంగా నిలబడ్డాను. జర మెల్లగా లేపమని శివమ్మ డ్రైవర్‌ను బతిమాలింది. అతను నిజంగానే మెల్లగా లేపాడు. మట్టిలోంచి ఇంకో మూరెడు రాయి పైకొచ్చింది. రంగు అంటని నల్లరాయి. నరేందర్ బకెట్ నీళ్లు పోశాడు. పక్కకు తిరిగిన రెండు పాదాలు, వాటి వెనక రెండు ఆవులు, కింద మాకెవరికీ చదవరాని అక్షరాల వరుసలు. నిన్న చెక్కినట్టున్నాయి.

ఫోటో తీసి అధికారికి పంపాను. రాయిని భద్రంగా ఉంచమని, చోటు కదిలాక రోడ్డు విషయంలో తన చేతిలో ఏమీ లేదని జవాబిచ్చాడు. అప్పటికే గుంటలో కంకర పోస్తున్నారు.

శివమ్మ ఆ పాదాల మీద చెయ్యి వేసి కూర్చుంది. “గిన్నేండ్ల సంది మొక్కిన. గీ కాళ్లు ఇయ్యాల్నే సూస్తున్న” అంది.

ఇప్పుడు ఆవులయ్య నీళ్ల ట్యాంకు గోడకు ఆనుకుని ఉన్నాడు. మొన్న బోనాలకు నరేందర్ రంగు తేలేదు. శివమ్మ ఒక్కతే పసుపు కలుపుకుని వచ్చింది గానీ గిన్నెలో చెయ్యి పెట్టలేదు.

“గీడ పసుపు పెడితే ఇగ గిదే నీ జాగ అన్నట్టయితది. పెట్టకుంటే దిక్కులేనోని లెక్క ఉంటడు. ఏం జెయ్యాలె బిడ్డా?”

గిన్నెలో పసుపు అంచుల దగ్గర ఎండిపోతుంటే ఆమె కొన్ని నీళ్లు పోసి మళ్లీ కలిపింది.