పళ్ళెంలో మిగిలిన ఆకు

దర్జీ మామ మంగళవారం పొద్దున పోయారు. మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తూ పక్కకు ఒరిగిపోయారట. ఆ కబురు ఊళ్ళోంచి మా పాళెం చేరేలోపే పంచాయతీ ప్రెసిడెంటు గులాబీ దండ తెప్పించాడు. బతికుండగా ఆయన మాట చెవిన పెట్టనివాళ్ళంతా వరసగా దండలు తెచ్చారు. నాకు ఏడుపు కంటే ముందు ఒళ్ళు మండింది.

ఆయన సాయిబు, మేము వలలేసుకుని బతికేవాళ్ళం. అయినా పాళెంలో పిల్లలందరికీ ఆయన మామే. నా మొదటి బడి గౌనుకు మిగిలిన గుడ్డతో జేబు కుట్టారు. "ఆడబిడ్డకి జేబెందుకన్నా?" అని అమ్మ నవ్వితే, "బలపం యాడ పెట్టుకుంటాదమ్మా మరి?" అన్నారు. ఈరోజు నేను కోట ఊళ్ళో పంతులమ్మనంటే అందులో ఆ జేబుకూ వాటా ఉంది.

అప్పట్లో ఊరి పంచాయతీకి ఐదుగురే మెంబర్లు. ప్రెసిడెంటు, అతని బావమరిది, ఇద్దరు పెదనాన్న కొడుకులు, మా మామ. ఏ విషయమైనా మాట్లాడుకున్నాక తాంబూలం పళ్ళెం తిరిగేది. ఆకు తీసుకుంటే ఒప్పుకున్నట్టు. ఒక్కరు తీసుకోకపోయినా ఆ మాట అక్కడితో ఆగిపోవాలి. ఎవరూ రాసిపెట్టలేదు, తాతలనాటి పద్ధతి. ఊరి మీదుగా కోట సంతకు చేపలు మోసుకుపోయే ఆడవాళ్ళ మీద గంపకింత అని పన్ను వేద్దామన్నప్పుడు మామ పళ్ళెం పక్కకు జరిపారు.

"ఏంది సాయిబూ, ఆకు చేదా?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఆకు బాగానే ఉండాదన్నా. పన్నే చేదు."

అంతే, పన్ను పోయింది. మా అమ్మ ఆ నెలంతా ఆయన ఇంటికి ఎండు నెత్తళ్ళు పంపింది.

కానీ ఆయనకు ఒకటే బెంగ. "నలుగురూ ఒకే ఇంటోళ్ళు. రేపు నేను కళ్ళు మూస్తే కాదనేదానికి ఎవురుండారు? మంది పెరగాల. పాళెం నుంచి కూడా కూర్చోవాల" అనేవారు. కోటలో పంచాయతీ సమితి ఆఫీసు కొత్తగా వచ్చిన రోజులవి. అర్జీలు పట్టుకుని ఎండలో కోటకు ఎన్నిసార్లు నడిచారో! చివరికి మా పాళేన్ని, పక్క ఊరిని పంచాయతీలో కలిపి మెంబర్లను పదకొండుమందిని చేశారు. పాళెం తరఫున మా అన్న మెంబరయ్యాడు. ఆరోజు మామ మా అందరికీ బెల్లం పంచారు.

మొదటి మీటింగులోనే మా వలలు ఆరబెట్టుకునే దిబ్బను సర్వి చెట్ల తోపు వేయడానికి కౌలుకిద్దామన్నారు. కౌలుదారు ఎవరో చెప్పాలా? ప్రెసిడెంటు బావమరిదే. పళ్ళెం తిరిగింది. మామ ఎప్పటిలాగే ఆకు ముట్టలేదు. ప్రెసిడెంటు ఆయన వైపు చూడనైనా చూడలేదు. గుమాస్తాతో, "పదకొండులో పది ఆకులు పోయినాయి. ఇంక ఎక్కువమంది మాటే లెక్క. ప్యాసయిందని రాసుకో" అన్నాడు.

ఐదుగురిలో అడ్డం నిలిచిన మనిషి పదకొండుమందిలో లెక్కకు రాకుండా పోయాడు. కొత్తగా వచ్చినవాళ్ళు పరాయివాళ్ళేం కాదు, మా చుట్టుపక్కలవాళ్ళే. ఒకడికి వాళ్ళ వీధిలో లైటు కావాలి, ఒకడికి తూము కావాలి. నీ పనికి నేను తలూపుతా, నా పనికి నువ్వు తలూపు. గంప పన్నూ వచ్చింది, సైకిలు పన్నూ వచ్చింది, మామ కుట్టుమిషను మీదా పన్ను వచ్చింది. దిబ్బ కౌలు రోజున మా అన్న కూడా ఆకు తీసుకున్నాడు. ఎందుకురా అంటే, "పాళేనికి చేతిపంపు ఇస్తామన్నారమ్మే" అన్నాడు. పంపు వచ్చింది. ఉప్పునీళ్ళు పడ్డాయి. థూ!

ఊరు ఎవరిని తిట్టింది? మామనే. "పదకొండు కావాలని ఎగబడింది నువ్వే గదా" అని ముఖం మీదే అన్నారు. ఒకసారి ఆయన నాతో మాత్రం అన్నారు: "ఎంతమంది కూర్చోవాలో అడిగినాను గానీ, కూర్చున్నోళ్ళు ఏది ముట్టుకోకూడదో అడగలా పాపా. తప్పు నాదే." ఆ తప్పు సరిదిద్దడానికి మళ్ళీ అర్జీలు రాశారు. దిబ్బ పాళెం వాళ్ళదని, ఎంతమంది ఒప్పుకున్నా దాన్ని ఇచ్చే హక్కు పంచాయతీకి లేదని. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆ అర్జీల మీద మా అన్న ఒక్క సంతకం పెట్టి ఉంటే! పెట్టలేదు. అందుకే వాడితో రెండేళ్ళుగా మాట్లాడటం లేదు.

గోరీల చోటుకు దారి ఆ దిబ్బ మీదుగానే. మామను మోస్తున్న జనాజా తోపు ముళ్ళకంచె దగ్గర ఆగిపోయింది. "మొక్కలు లేతవి, చుట్టు తిరిగి పోండి" అన్నాడు ప్రెసిడెంటు, చేతిలో దండతోనే. చుట్టు అంటే మైలు దూరం. అప్పుడు మా అన్న ముందుకొచ్చి, వట్టి చేతులతో ముళ్ళతీగను పట్టుకుని నేలకు అణిచాడు. మోసేవాళ్ళు ఒక్కొక్కరే దాటారు. వెనక పాళెం మగవాళ్ళంతా దాటారు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు ఇసకలో పడుతోంది. అందరూ దాటిపోయినా వాడు తీగ వదల్లేదు.