మైనస్ రీడింగులు

ఐటీ ఊపు మీదున్న రోజులవి. పరాయి దేశంలో, బెడోక్ అనే పేటలో మా బ్లాకు తెలుగువాళ్లలో చాలామంది పొద్దున్నే చాంగీ బిజినెస్ పార్క్ దారి పట్టేవారు. నాదీ సాఫ్ట్‌వేర్ పనే, కాకపోతే నేలకు సంబంధించింది. నేలలో ఇనప మేకులు దిగగొట్టి కరెంటు పంపుతారు. నేల దాన్ని ఎంత అడ్డుకుందో ఒక కొలత. కరెంటు ఆపాక కాసేపు మిగిలే ఛార్జి ఇంకో కొలత. పైన తీసిన ఆ రీడింగులను బట్టి లోపల ఏముందో కంప్యూటరుతో వెనక్కి లెక్కగట్టాలి. దాన్ని ఇన్వర్షన్ అంటారు.

నా భార్య పోయి అప్పటికి కొన్ని నెలలే. ఆఫీసులో పని చేయగలిగేవాణ్ణి. ఇంటికి వెళ్లడమే కష్టంగా ఉండేది.

జురాంగ్ ఐలాండ్‌లో సముద్రం పూడ్చిన ఒక స్థలం నుంచి రీడింగులు వచ్చాయి. వరసగా మేకులు దించిన ఒక లైన్లో ఛార్జి విలువలు చాలా మైనస్‌లో ఉన్నాయి. మా మేనేజరు హైదరాబాదీ. స్క్రీను చూసి నవ్వాడు.

"అరె మియా, ఛార్జి మైనస్ ఏంది? మీ మేస్త్రి వైర్లు ఉల్టా పెట్టిండు. రేపు మళ్లా తియ్యమను."

అక్కడ రీడింగులు తీసే మేస్త్రిది కరీంనగర్ దిక్కు పల్లె. మర్నాడే ఊరికి అతని విమానం. ఫోన్ చేసి విషయం చెప్పాను.

"వైర్లు నేనే చూసుకున్న సార్. అమ్మ సంవత్సరికం. ఆమె పోయినప్పుడే పోలే. ఇప్పుడు గూడ పోకుంటే ఎట్ల సార్?"

ఆ లైను రీడింగులు మళ్లీ మొదటి నుంచి చూశాను. వైర్లు తారుమారైతే నిరోధం విలువలు కూడా మైనస్‌లోకి పోవాలి. అవి మామూలుగానే ఉన్నాయి. కరెంటు ఆపాక ఛార్జి తగ్గిన తీరు కూడా సాఫీగా ఉంది. ఏ రీడింగూ తీసేయకుండా ఇన్వర్షన్ చేశాను. నేలకు కాస్త దిగువనే, బాగా ఛార్జి పట్టే చిన్న ముద్ద ఒకటి కనిపించింది. ఇనప తుక్కు కావచ్చు. అలాంటిది పైపైన ఉంటే మైనస్ రావడం సహజమే.

మేనేజరు అంతా విన్నాడు.

"క్లయింట్ అడిగితే?"

"నేను చెప్తానండీ."

"నువ్వా? ఇన్ని నెలల్ల నాతోనే నాలుగు మాటలు మాట్లాడలే!" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "సరె. పోనీ ఆయన్ని," అన్నాడు.

మర్నాడు ఎయిర్‌పోర్టు నుంచి మేస్త్రి ఫోన్ చేశాడు. వెనక అనౌన్స్‌మెంట్లు వినిపిస్తున్నాయి.

"సార్, అమ్మకు పెట్టేటప్పుడు మేడమ్‌కు గూడ ఒక ముద్ద పెట్టిస్త. పేరు చెప్పుండ్రి."

నాకు పిండాలు పెట్టడం మీద నమ్మకం లేదు. ఆ మాటే చెప్పబోయి, ఆమె పేరు చెప్పాను. ఆమె పోయాక ఆ పేరు పైకి అనడం అదే మొదలు. అతనికి సరిగ్గా వినపడలేదు.

"మళ్లొకసారి చెప్పుండ్రి సార్," అన్నాడు.